బి సెక్షన్ సంగతేంటి మేడమ్?



గత నవంబరు పేరెంట్స్ మీటింగ్‌లో నేను కాస్త గర్వంగానే ఒక చార్టు పెట్టాను. ఆగస్టు చివర్లో మా ఐదో తరగతి ఏ సెక్షన్‌లో లంచ్‌కు ముందు సబ్బుతో చేతులు కడిగించడం మొదలుపెట్టాం. అప్పట్లో రోజుకు ఆరేడుగురు జ్వరమని సెలవు పెట్టేవారు. నవంబరుకి ఇద్దరే. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక కూర్చున్న ఒక నాన్నగారు మాత్రం "బి సెక్షన్ సంగతేంటి మేడమ్?" అని అడిగారు.

సాయంత్రం రిజిస్టర్ తీశాను. ఏమీ చేయని బి సెక్షన్‌లోనూ సెలవులు అంతే తగ్గాయి. వైరల్ జ్వరాల సీజన్ దాటిపోయిందంతే! సబ్బు పనిచేయలేదని కాదు, పనిచేసిందని చెప్పే దమ్ము నా చార్టుకు లేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. బీఈడీలో యాక్షన్ రీసెర్చ్ కూడా ఇలాగే చేశాను. ముందో టెస్టు, తర్వాతో టెస్టు, మధ్యలో వచ్చిన తేడా అంతా మన గొప్పే.

మరి సరిగ్గా ఎలా చూస్తారని వెతికితే కెన్యాలోని బుసియా కథ దొరికింది. 1998లో అక్కడ 75 ప్రైమరీ స్కూళ్లలో నులిపురుగుల మందు ఇవ్వాలనుకున్నారు. అన్నింటికీ ఒకేసారి ఇచ్చే స్తోమత లేదు. అందుకని 25 చొప్పున మూడు జట్లు చేసి, మొదటి జట్టుకు 1998లో, రెండోదానికి 1999లో, మూడోదానికి 2001లో ఇచ్చారు. వంతు కోసం ఆగిన స్కూళ్లే పోలికకు పనికొచ్చాయి. వానలూ, సీజన్లూ అందరికీ ఒకటే కదా!

ఒకే క్లాసులో కొందరికి మందిచ్చి, కొందరికి ఆపి చూడొచ్చుగా అనిపించింది నాకు. కుదరదు. పురుగుల గుడ్లు మట్టిలోంచి ఒకరి నుంచి ఒకరికి చేరతాయి. సగం మందికి తగ్గితే మందు వేసుకోని పక్క పిల్లాడికీ మేలే. అప్పుడు ఇద్దరి మధ్యా తేడా కనిపించక, మందే దండగని అనుకుంటాం. అందుకే స్కూలుకూ స్కూలుకూ పోల్చారు. మైకేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగుయెల్ 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం గైర్హాజరు సుమారు నాలుగో వంతు తగ్గింది. మార్కులు మాత్రం పెరగలేదు, అదీ దాచకుండా రాశారు. (నా చార్టులో అలాంటి గడే లేదు!) 2015లో వేరేవాళ్లు అదే డేటాను మళ్లీ లెక్కేసి కొన్ని తప్పులు పట్టుకున్నారు. మేలు ఎంతన్న వాదన ఇంకా తెగలేదు.

ఈ ఏడాది మా నాలుగు సెక్షన్లకూ చీటీలు వేశాం. రెండు సెక్షన్లకు జూలైలో, మిగతా రెండింటికి సెప్టెంబరులో చేతులు కడిగించే కార్యక్రమం మొదలవుతుంది. ఈలోపు కడుక్కోవద్దని ఎవరికీ చెప్పం! అందరూ అవే బస్సుల్లో వస్తారు కాబట్టి ఒకరి జ్వరం ఇంకొకరికి అంటుతుంది, మా పోలికలో ఆ లోపం ఉంటుంది. తెలిసే చేస్తున్నాం.

మీ నుంచి ఒక్క సాయం కావాలి. సెలవు చీటీలో 'పర్సనల్ వర్క్' అని కాకుండా జ్వరమో, విరేచనాలో, మేనత్త పెళ్లో రాయండి. ఆ నాన్నగారి అబ్బాయి సెక్షన్ వంతు సెప్టెంబరులో వచ్చింది.