ఊరికే వచ్చాను

హైదరాబాదుకు తూర్పుకొసన ఉన్న మా ఉప్పల్‌కు 2017 నవంబరులో మెట్రో వచ్చింది. వరంగల్ వైపు పోయే బస్సులకు రింగురోడ్డే ముఖద్వారం. కానీ ఉప్పల్‌కు రైల్వేస్టేషను మాత్రం లేదు. రైల్వేస్టేషను ఉన్న ఉప్పల్ మరొకటి ఉంది. అది కాజీపేట నుంచి బల్హార్షా వెళ్లే మార్గంలో, హసన్‌పర్తి రోడ్డుకూ జమ్మికుంటకూ నడుమ, కమలాపూర్ మండలంలో ఉన్న పల్లె. మా అక్కయ్యను ఇచ్చింది ఆ ఊరికే. నేనుండేది ఈ ఉప్పల్ పక్కనున్న నాచారంలో. పేరు ఒకటే అయిన ఈ రెండూళ్ల మధ్య దూరం నూటయాభై కిలోమీటర్లకు అటూ ఇటూ.

ఆ దూరాన్ని ఇన్నేళ్లూ నేను కారణాలతోనే దాటాను. మేనకోడలి పెళ్లి, గృహప్రవేశం, ఒకటి రెండు పర్యాయాలు భగినీహస్త భోజనం, ఆపైన చావులు. 2020 మార్చి 22న దేశమంతటా ప్యాసింజరు రైళ్లు నిలిచిపోయాయి. మరుసటి ఏడు బావగారు పోయినప్పుడు బాడుగ కారులో వెళ్లి, గుమ్మంలో రెండు గంటలు నిలబడి, చీకటి పడకముందే తిరిగి వచ్చేశాను. అక్కయ్య నా ముఖం వైపు చూసిందో లేదో కూడా నాకు గుర్తులేదు. ఆ రెండు గంటలు నన్ను చాలాకాలం వెంటాడాయి.

ఉద్యోగకాలంలో నేను సీజన్ టిక్కెట్టు మనిషిని. మౌలాలిలో బండి ఎక్కి ఆలేరు దాకా వెళ్లి, అక్కడికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి వచ్చేవాణ్ణి. ఎన్ని త్రైమాసిక పరీక్షల జవాబుపత్రాలు రైలులోనే దిద్దానో లెక్కలేదు. బీబీనగర్ కుదుపులో సున్నా చుట్టబోతే అది అరసున్నా అయిన సందర్భాలూ లేకపోలేదు. పదవీ విరమణ నాడు పాసుతో పని తీరిందనుకున్నాను. నిరుడు మాత్రం అనిపించింది: ఆ పాసునే మళ్లీ తీసుకుంటే?

సీజన్ టిక్కెట్టు నియమం సులభమైనది. నూటయాభై కిలోమీటర్లకు మించని రెండు స్టేషన్ల మధ్య, నెల రోజులు ఎన్నిసార్లైనా తిరగవచ్చు. సికింద్రాబాదు నుంచి కాజీపేట నూట ముప్పై రెండు కిలోమీటర్లు; మాకు దగ్గరైన చర్లపల్లి నుంచి ఇంకా తక్కువ. రిజర్వేషను పెట్టెల్లోకి అడుగుపెట్టరాదు. సూపర్‌ఫాస్టు ఎక్కాలంటే అదనపు రుసుము చెల్లించాలి. కాజీపేట దాటాక ఉప్పల్‌కు ప్యాసింజరు టిక్కెట్టు విడిగా కొనాలి. కరోనా తరువాత ప్యాసింజరు బండ్లకు ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టినప్పుడు కనీసపు టిక్కెట్టు పది రూపాయల నుంచి ముప్పైకి పెరిగింది. 2024 ఫిబ్రవరిలో అది మళ్లీ పదికి దిగింది. నా ప్రయాణానికి ఆ పది రూపాయలు చాలు.

జపానులో ఉద్యోగం చేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ సంగతి విని, అక్కడ 1982లో మొదలైన ఒక టిక్కెట్టు గురించి చెప్పాడు. దాని పేరులో యౌవనమూ, పద్దెనిమిది అంకె ఉన్నాయట గాని వయోనియమం లేదట, ముసలివాళ్లూ కొనుక్కోవచ్చు. వేగపు బండ్లు ఎక్కకుండా, ఊరూరా ఆగే బండ్లలోనే మారుతూ మారుతూ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లవచ్చు. ఒకప్పుడు అయిదు రోజులను ఇష్టం వచ్చినప్పుడు విడివిడిగా వాడుకునే వీలుండేదట. 2024 శీతాకాలం నుంచి వరుస రోజులే అన్నారట. మన దగ్గర వలయ ప్రయాణపు టిక్కెట్టు ఉంది. బయలుదేరిన చోటికే తిరిగి చేరే దారి రాసిస్తే, మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగవచ్చు. అది తీర్థయాత్రకు పనికివస్తుంది. నాకు కావలసింది యాత్ర కాదు, రాకపోకలు.

“నెలకు నాలుగుసార్లకు పాసెందుకు నాన్నా, ఏసీలో సీటు నేను చేస్తాను కదా” అన్నాడు మా అబ్బాయి. వాడి లెక్క తప్పు కాదు. నాకు మిగిలేది అంతంతమాత్రమే. కానీ టిక్కెట్టు కొనేటప్పుడల్లా “ఇప్పుడెందుకు వెళ్లడం?” అన్న ప్రశ్న పుడుతుంది. పాసు జేబులో ఉన్నవాడికి ఆ ప్రశ్న పుట్టదు.

ప్రణాళిక అంటారా, ఒక పాత నోటుపుస్తకంలో రాసుకున్నాను. మొదట తిరుగు బండిని నిర్ణయించుకోవాలి, ఆ తరువాతే పోయే బండిని. కాజీపేటలో బండికీ బండికీ మధ్య గంటకు తక్కువ వ్యవధి పెట్టుకోరాదు. ఢిల్లీ దారీ విజయవాడ దారీ కలిసే చోటు గనుక, వెనకనుంచి ఎక్స్‌ప్రెస్ వస్తున్నదంటే ప్యాసింజరును పక్క లైనులో నిలబెడతారు. జనరల్ పెట్టెలు బండికి ముందూ వెనుకా ఉంటాయి కాబట్టి ప్లాట్‌ఫారం నడుమ నిలబడి ఆలోచించరాదు. సంచిలో నీళ్లసీసా, తువ్వాలు, రెండు జొన్నరొట్టెలు. చర్లపల్లికి 2025 జనవరిలో కొత్త టెర్మినల్ వచ్చాక అక్కడ మెట్లు పెరిగాయి. అందుకు పావుగంట అదనం.

ఈ మార్గాన రైలు నడుస్తున్నది 1886 నుంచి. నిజాం రైల్వే వరంగల్ చేరిన ఏడు అది. ఘట్‌కేసర్ దాటితే ఎడమా కుడీ పొలాలు మొదలవుతాయి. ఇన్నేళ్ల తరువాత కూడా భువనగిరి ఏకశిల కనబడగానే నేను చదువుతున్న పుస్తకం మూసేస్తాను. ఆలేరులో దిగితే కొలనుపాక, జనగామలో దిగితే పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర. ఉద్యోగం చేసినన్నాళ్లూ వీరిని పాఠం చెప్పాను గాని, ఆలేరు దాటి బమ్మెర దాకా వెళ్లింది ఒక్కసారే. అదీ విహారయాత్రకు పిల్లలను తీసుకుని, తలలు లెక్కపెట్టుకుంటూ.

మొదటిసారి పాసుతో వెళ్లింది ఒక మంగళవారం. ఉప్పల్ స్టేషనులో నాతో దిగినవారు నలుగురైదుగురు. అక్కయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏమైంది తమ్మీ? ఎవరికేమైంది?”

“ఎవరికేం కాలేదక్కా. ఊరికెనే వచ్చిన.”

“ఊరికెనే ఎందుకొస్తవు? జెప్పు, నేను గట్టిగనే ఉన్న.”

అప్పటికి నాకు తెలిసివచ్చింది. ఇన్నేళ్లలో నేను ఆ గడపకు మోసుకెళ్లింది కబుర్లు కాదు, కబురు. తమ్ముడి ముఖం కనబడిందంటే ఏదో జరిగిందని ఆమెకు నేనే నేర్పాను. ఆ పూట నేనెన్ని విధాల చెప్పినా ఆమె నమ్మలేదు. అన్నం పెడుతూ కూడా నా ముఖంలో ఏదో వెతికింది. సాయంత్రం బండికి నేను లేచినప్పుడు “అబ్బాయి, కోడలు మంచిగనే ఉన్నరు గదా?” అని మరోసారి అడిగింది. తిరుగు బండిలో జొన్నరొట్టె గొంతు దిగలేదు.

రెండో వారం వెళ్లాను. మళ్లీ లేచి నిలబడింది, కానీ ప్రశ్న కాస్త ఆలస్యంగా వచ్చింది. మూడోసారి కూర్చునే అడిగింది. మధ్యలో ఒకసారి కాజీపేటలో ప్యాసింజరు రెండు గంటలు ఆలస్యమైతే అక్కడినుంచే వెనక్కి తిరిగాను. చిత్రం, డబ్బు వృథా అయిందన్న బాధ లేదు. మళ్లీ వచ్చే వారం ఉందిగదా అనిపించింది.

తెలుగులో ‘ఊరికే’ అంటే కారణం లేకుండా అని ఒక అర్థం, గ్రామానికే అని మరొక అర్థం. పిల్లలకు ఈ శ్లేషను ఎన్నోమార్లు చెప్పి నవ్వించాను. ‘ఊరికే వచ్చాను’ అని ఒక మనిషిని నమ్మించడం ఎంత కష్టమో అప్పుడు తెలియదు.

రెండో నెల పాసు తీసుకున్నాక వెళ్లిన మంగళవారం అక్కయ్య లేవలేదు, ఏమీ అడగలేదు. ఒళ్లోని చేట నా వైపు జరిపింది.

“ఇగో, ఈ చిక్కుడుకాయల ఈనెలు తియ్యి. బండికి ఇంక మస్తు టైముంది గదా.”