రంపం చుట్టూ మూగే జనం

పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ ఊరి బయట స్పాంగ్లర్ వారి పొలం. అందులో రాళ్లతో, చెక్కతో కట్టిన పెద్ద పశువుల కొట్టం. 1863 జులైలో అమెరికా అంతర్యుద్ధాన్ని మలుపు తిప్పిన మూడు రోజుల పోరులో ఇదే ఆసుపత్రి. 1,900 మందికి పైగా క్షతగాత్రులను ఇక్కడికే చేర్చారు. దక్షిణాది జనరల్ లూయిస్ ఆర్మిస్టెడ్ కన్నుమూసిందీ ఇక్కడే.

ఇప్పుడు వేసవి వచ్చిందంటే నాటి సర్జన్లు, నర్సులు మళ్లీ ప్రత్యక్షమవుతారు. ఎవరి ఉద్యోగాలు వారికున్నా చరిత్ర మీద మక్కువతో మండుటెండలో ఉన్ని దుస్తులు తొడుక్కుని నిలబడే ఔత్సాహికులు వీళ్లు. బల్ల మీద కత్తులు, టూర్నికెట్, ఎముకలు కోసే రంపం. సందర్శకుల చూపు సరాసరి పోయేది రంపం మీదికే.

అసలు చిక్కు అక్కడే. సినిమాలు చూసి వచ్చినవారికి సైనికుడి పళ్ల మధ్య తూటా పెట్టి, మత్తు లేకుండా కాలు కోసేసేవారని గట్టి నమ్మకం. నిజానికి ఆ యుద్ధంలో అత్యధిక శస్త్రచికిత్సలు క్లోరోఫాం లేదా ఈథర్ ఇచ్చాకే జరిగాయి. (ఆ క్లోరోఫాం ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ఖర్చుతో రెండు కమిషన్లు పనిచేసింది మన హైదరాబాద్‌లోనే.) అంటే నిజాయతీగా నటిస్తే బల్ల మీది రోగి పెడబొబ్బలు పెట్టకూడదు. జనం వచ్చేదేమో వాటి కోసమే.

కోతలు కూడా కసాయితనం కాదు. మెత్తటి సీసంతో చేసిన మినీ తూటా తగిలితే ఎముక నుజ్జయ్యేది. చీము పట్టకముందే అవయవం తీసేయడమే ప్రాణానికి భరోసా. ఉత్తరాది సైన్యంలో అలా కోయించుకున్నవారిలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది బతికి బయటపడ్డారు. వైద్యుల లోపం వేరే చోట ఉంది. అదే రంపాన్ని తుడిచి తర్వాతి రోగికి వాడేవారు. జోసెఫ్ లిస్టర్ క్రిమినాశక శస్త్రచికిత్స గురించి ప్రకటించింది 1867లో. అప్పటికి యుద్ధం ముగిసి రెండేళ్లయింది.

ఆ యుద్ధంలో చనిపోయిన ప్రతి ముగ్గురు సైనికుల్లో ఇద్దరిని పొట్టన పెట్టుకున్నది తూటా కాదు, జబ్బు. అందులోనూ విరేచనాలు, టైఫాయిడ్. దాన్ని నటించి చూపేదెలా? సమర్థులైన ఔత్సాహికులు కోత తంతు త్వరగా ముగించి మిగతాది మాటల్లో చెబుతారు: తాగునీటి పక్కనే తవ్విన మరుగు గుంతల సంగతి, 1862లో జొనాథన్ లెటర్‌మన్ క్షతగాత్రులను మోయడానికి ఏర్పరచిన అంబులెన్స్ దళం సంగతి. అప్పటికి ముందు వరసలోని పిల్లలు సగం మంది ఫిరంగుల వైపు వెళ్లిపోయి ఉంటారు.