బండికి జీతం

గోపన్‌పల్లి తండా దగ్గర మొన్నటిదాకా ఒక ఖాళీ జాగా ఉండేది. రాత్రయితే పదో పన్నెండో బండ్లు అక్కడ ఆగేవి, నాదీ అందులో ఒకటి. ఎవరికీ పైసా ఇచ్చేది లేదు. వేపచెట్టు కింద పడుకునే కుక్కే మాకు కాపలా. ఇప్పుడక్కడ టవర్ లేస్తోంది. మేం నల్లగండ్ల వైపు ఒకాయన ప్రహరీ లోపల నెలకు రెండున్నర వేలిచ్చి బండ్లు పెట్టుకుంటున్నాం. నా లెక్కల పుస్తకంలో పార్కింగ్ అనే పద్దు అలా కొత్తగా చేరింది.

నాది పద్నాలుగు అడుగుల ఐషర్. మా దగ్గర దాన్ని ఐషర్ అని ఎవరూ అనరు, డీసీఎం అంటారు. ఎనభైల్లో డీసీఎం టయోటా అనే కంపెనీ ఈ సైజు బండ్లు అమ్మింది. కంపెనీ ఎప్పుడో పోయింది, పేరు మాత్రం తెలంగాణలో ప్రతి చిన్న లారీకీ అతుక్కుపోయింది. నేను ఎక్కువగా తోలేవి అర్జెంటు లోడ్లు. పాశమైలారంలో తయారైన మందుల సరుకు తెల్లారేసరికి శంషాబాద్ కార్గోలో దిగాలి. బెంగళూరులో ఏదో ఫ్యాక్టరీలో మిషను ఆగిపోతే, బాలానగర్‌లో చేసిన విడిభాగం రాత్రికి రాత్రి చేరాలి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు తెరవకముందే యూపీఎస్ బ్యాటరీలు దించాలి. మామూలు లోడయితే పదిమంది సరుకు కలిపి వేస్తారు, ఎప్పుడు చేరితే అప్పుడే. అర్జెంటులో ఒక్క పెట్టె ఉన్నా బండి మొత్తం దానిదే. అందుకే కిరాయి కూడా మూడో వంతు ఎక్కువ.

ఆ ఎక్కువ చూసే నేను మోసపోయాను. బెంగళూరు ట్రిప్పుకు 26 వేలు అంటే చెవికి ఎంతో ఇంపుగా ఉంటుంది. లెక్క వేసి చూడండి. పోను 570 కిలోమీటర్లు, రాను 570. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇస్తుంది నా బండి. హైదరాబాద్‌లో డీజిల్ 95 రూపాయల పైన ఉన్నప్పుడు కిలోమీటరుకు 12 రూపాయలు. అలా 13,700 డీజిల్‌కే పోయింది. ఫాస్టాగ్‌లో రానూపోనూ 2,300. తిండి, టీ, హమాలీ చిల్లర కలిపి వెయ్యి. చేతిలో 9 వేలు మిగిలాయి కదా అనిపిస్తుంది. ఆ 9 వేలలో సగం నాది కాదని తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది.

బండి 2019 ఆగస్టులో కొన్నాను. అంతకుముందు తొమ్మిదేళ్లు ఐటీ కంపెనీలకు క్యాబ్ తోలాను. ఈ ఐషర్ 2018 మోడల్ సెకండ్ హ్యాండ్ బండి, 9 లక్షల 50 వేలు. 8 లక్షలు ఫైనాన్సు, మిగతాదానికి చిట్టీ ఎత్తాను. 20 మంది, నెలకు 10 వేలు, 2 లక్షల చిట్టీ. మూడో నెలలోనే ఎత్తాలంటే పాట గట్టిగా పాడాలి. కమీషన్‌తో కలిపి 45 వేలు వదులుకుంటే లక్షా 55 వేలు చేతికొచ్చింది. ఇంకా పదిహేడు నెలలు కట్టాల్సి ఉంది. అప్పు తీర్చడానికి చిట్టీ ఎత్తినవాళ్లను చూశాను, పెళ్లికి ఎత్తినవాళ్లను చూశాను. అప్పు తెచ్చుకోవడం కోసం చిట్టీ ఎత్తింది మాత్రం మా అడ్డాలో నేనొక్కడినే.

ఫైనాన్సు కుర్రాడు “పది శాతమే అన్నా” అన్నాడు. నాలుగేళ్లకు వడ్డీ 3 లక్షల 20 వేలు, మొత్తం 11 లక్షల 20 వేలు, నెలకు 23,333. సరేనని సంతకం పెట్టాను. ఏడాది తర్వాత, ఇల్లు మారుతూ నా బండి మాట్లాడుకున్న ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి దారిలో కేబిన్‌లో కూర్చుని ఫోన్‌లో లెక్క తీశాడు. “ఇది ఫ్లాట్ రేటు అంకుల్. మీరు నెల నెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం చివరిదాకా 8 లక్షల మీదే వేశారు. అసలు రేటు పదిహేడున్నర.” నాకు శాతాలు ఎక్కవు. ఊరి లెక్కలో చెప్పమన్నాను. నూటికి నెలకు రూపాయిన్నర కంటే ఒక్క పిసరు తక్కువ. ఊళ్లో వడ్డీవ్యాపారి ఇచ్చినా అంతకే ఇచ్చేవాడు. పైగా ముందుగా రూపాయిన్నర అని నోటితో చెప్పేవాడు.

బండి కొన్న ఏడు నెలలకు లాక్‌డౌన్ వచ్చింది. రిజర్వు బ్యాంకు 2020 మార్చి 27న మూడు నెలల మారటోరియం ప్రకటించింది, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. మా అడ్డాలో అందరం కిస్తులు మాఫీ అయినట్టే సంబరపడ్డాం. ఏప్రిల్‌లో బండి కదల్లేదు, అది నిజం. కానీ మే నుంచి మందుల లోడ్లు వరసగా దొరికాయి, రోడ్లు ఖాళీ, కిరాయిలు బాగున్నాయి. అయినా నేను కిస్తు కట్టలేదు, కట్టక్కర్లేదన్నారు కదా అని. ఆ ఆరు నెలలకు వడ్డీ సుమారు 66 వేలు అసలులో కలిసింది. వడ్డీ మీద పడ్డ వడ్డీ కింద కేంద్రం తిరిగి ఇప్పించింది రెండు వేల పైచిలుకు. 2023 ఆగస్టులో తీరాల్సిన అప్పు 2024 ఆగస్టులో తీరింది. ఆరు నెలలు ఆగినందుకు ఏడాది తోలాను. ఆ మే, జూన్ నెలల్లో వచ్చిన డబ్బు ఏమైందని అడగకండి. ఒక ఫ్రిజ్, ఒక పెద్ద టీవీ. టీవీ ఇంకా పనిచేస్తోంది.

ఇక ఒక పైపు సంగతి. 2022 మే నెలాఖరు. డీజిల్ 105 నుంచి 97కి దిగిన వారం అది, అడ్డాలో అందరం హుషారుగా ఉన్నాం. పటాన్‌చెరులో మెకానిక్ చాచా దగ్గర ఆయిల్ మార్పించుకుంటున్నాను. కేబిన్ ఎత్తి చూసి రేడియేటర్ పై పైపును రెండు వేళ్లతో నొక్కాడు. క్లిప్పు దగ్గర రబ్బరు పొరలు పొరలుగా పగిలి, పండిన చింతకాయ పెంకులా ఉంది. “గీ పైపు ఇయ్యాల మార్చుకపో బేటా. ఆరొందల యాభై.” పైపు దుకాణం నుంచి రావాలి, గంట పడుతుంది. అప్పటికే బెంగళూరు లోడు ఫోన్‌లో ఉంది, గంటలో ప్లేస్ చేయకపోతే ఇంకో బండికి పోతుంది. “వచ్చే ట్రిప్పుకు చూద్దాం చాచా” అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు, పాత బట్టతో చేతులు తుడుచుకుని కేబిన్ దించాడు.

డోన్ దాటి ప్యాపిలి దగ్గరికి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట. ముందు తియ్యటి వాసన వచ్చింది, కూలెంట్ కాలిన వాసన. ముల్లు చూస్తే అప్పటికే ఎర్రగీత మీద ఉంది. ఆపేయాలి. నేను ఆపలేదు, ఏదైనా ధాబా దగ్గర ఆపుదామని ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగాను. పైపు తెచ్చిన నష్టం తక్కువే, ఆ నాలుగు కిలోమీటర్లే హెడ్డును వంచేశాయి.

తెల్లారి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్లు ఇంకో బండి పంపారు. రోడ్డు పక్కన సరుకు మార్చాం, ఈ-వే బిల్లు పార్ట్-బిలో బండి నంబరు మార్పించాం. అదొక్కటీ మరిచిపోతే సరుకు సరిహద్దులోనే ఆగేది. ఆ బండి ఖర్చు 16 వేలు నా కిరాయిలోంచి కోశారు. గుత్తి దాకా లాగించినందుకు 7 వేలు. హెడ్డు దింపి చదును చేయించడం, గ్యాస్కెట్, ఆయిల్, కూలెంట్, లేబర్ అన్నీ కలిపి 41 వేలు. మొత్తం 64 వేలు. తొమ్మిది రోజులు బండి కదల్లేదు, కిస్తు మాత్రం ఆగలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ గొడవ పెట్టుకోలేదు. ఆమె నల్లగండ్లలో రెండిళ్లలో వంట చేస్తుంది. అన్నం పెడుతూ ఒకే మాట అడిగింది. “గా ఇండ్లల్ల నెల కాంగనే నాకు జీతమిస్తరు. గీ బండి రాత్రనక పగలనక నీకు జేస్తుంది, దానికేమిస్తున్నవయ్యా?”

మా నాయన ఎడ్లకు మేతేసేదాకా గడప లోపలికి వచ్చేవాడు కాదు. ఆ రాత్రి అది గుర్తొచ్చింది. పాత బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాం. ఆరు టైర్లు, ఒక్కోటి 12,500, అంటే 75 వేలు. 60 వేల కిలోమీటర్లు వస్తాయి, కిలోమీటరుకు రూపాయి పావలా. ఆయిల్, ఫిల్టర్లు అర్ధరూపాయి. క్లచ్ ఇరవై పైసలు. బ్రేక్ లైనర్లు, గ్రీజు, కమాన్ పట్టీలు అరవై పైసలు. బ్యాటరీ, బెల్టులు, పైపులు పావలా. ఎప్పటికైనా ఇంజిన్ పని పడుతుంది, దానికి రూపాయి. 3 రూపాయల 80 పైసలు తేలింది, 4 అనుకున్నాం. నెలకు 5 వేల కిలోమీటర్లు తిరిగితే బండి జీతం 20 వేలు. బెంగళూరు ట్రిప్పులో మిగిలే 9 వేలలో 4,560 దానిదే. నా వాటా 4,440, కిస్తు కూడా అందులోంచే.

ఇన్సూరెన్సు, క్వార్టర్లీ ట్యాక్సు, ఫిట్‌నెస్ వేరే డబ్బా. థర్డ్ పార్టీ ఒక్కటే నా సైజు బండికి 16,049, ఓన్ డ్యామేజీతో కలిపితే 30 వేలు దాటుతుంది. అదంతా నెలకింత అని ముందే తీస్తేనే సాధ్యం.

బండి ఖాతా వేరే బ్యాంకులో తెరిచాం. దానికి ఫోన్‌పే లేదు, ఏటీఎం కార్డు మా ఆవిడ దగ్గరే. ఒకసారి మా అమ్మాయి కాలేజీ ఫీజుకు అందులోంచి 30 వేలు తీశాం. ‘బండి దగ్గర అప్పు’ అని పుస్తకంలో రాసి మూడు నెలల్లో కట్టాం. రాయకపోతే కట్టేవాణ్ణి కాదు, నా సంగతి నాకు తెలుసు.

మిగతాది అలవాటు. పొద్దున్నే తాళం తిప్పకముందు పది నిమిషాలు. బండి కింద చుక్కలు పడ్డాయా, వెనక జంట టైర్లలో లోపలిది రాడ్డుతో కొడితే ఎలా మోగుతోంది, డీజిల్ ఫిల్టరులో నీళ్లు ఉన్నాయా, పైపులు వేళ్లకు ఎలా తగులుతున్నాయి. ముందు టైర్లకు చచ్చినా రీట్రెడ్ వేయను.

నిద్ర కూడా రిపేరు పద్దులో రాయాల్సిందే, కాకపోతే బిల్లు రాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటలే పని అని చెప్పేది. సొంత బండి తోలేవాడికి ఆ మాట చెప్పే యజమాని ఎవరు? అమెరికాలో ఇలాంటి అర్జెంటు లోడ్లు తోలేవాళ్లను ఎక్స్‌పెడైటర్లు అంటారు. చాలాచోట్ల భార్యాభర్తలే వంతులవారీగా నడుపుతారు, ఒకరు తోలుతుంటే ఒకరు వెనక పడుకుంటారు. పదకొండు గంటలు తోలిన డ్రైవరు విశ్రాంతి తీసుకోకుండా మళ్లీ స్టీరింగ్ పట్టకూడదని అక్కడ నియమం. ఈ సంగతి చెబితే మా ఆవిడ “నేనొస్త, నువ్వు ఇండ్లల్ల వంట జేస్తవా?” అంది. నేను మాత్రం అనంతపురంలో రెండు గంటలు పడుకునే కిరాయి మాట్లాడుతున్నాను. ఒప్పుకోనివాడి లోడు ఎత్తను.

ఇంకో రెండు మాటలు, మా అడ్డాలో కుర్రాళ్లకు రోజూ చెప్పేవే. తిరుగు లోడు కోసం మధ్యాహ్నం దాకానే ఆగుతాను, తర్వాత ఖాళీగానైనా వచ్చేస్తాను. 12 వేల కోసం రెండు రోజులు అక్కడే ఉంటే ఇక్కడ ఒక అర్జెంటు పోతుంది. 70 శాతం అడ్వాన్సు లేని లోడు వద్దు, సరుకు అందిన రసీదు పంపాక బ్యాలెన్సుకు 45 రోజులు తిరిగే ఓపిక నాకిప్పుడు లేదు. పదికి మించి బండ్లు లేనివాళ్లు పాన్ ఇచ్చి రాసిస్తే టీడీఎస్ కోయకూడదు, ఆ కాగితం ముందే ఇవ్వండి. రిటర్నులు వేయండి. ఆదాయపు పన్నులో అంచనా ఆదాయం పద్ధతి కింద చిన్న బండికి నెలకు 7,500 ఆదాయమని చూపిస్తే సరిపోతుంది, బిల్లులు దాచే పని లేదు. నేను మూడేళ్లు వేయలేదు, అందుకే బ్యాంకులు నన్ను చూడలేదు, ఫ్లాట్ రేటువాళ్లే చూశారు.

2024 ఆగస్టులో కిస్తు తీరింది. ఎన్ఓసీ, ఫారం 35 పట్టుకుని ఆర్టీఏకు వెళ్లి ఆర్‌సీ మీద ఫైనాన్సు పేరు తీయించాను. వారం తిరక్కుండానే కొత్త బండికి లోను ఇస్తామని ఫోన్లు మొదలయ్యాయి. వద్దన్నాను. 23,333లో 15 వేలు ఆర్‌డీలో పడుతున్నాయి. 2026తో నా బండికి ఎనిమిదేళ్లు నిండుతాయి, ఆపైన ఫిట్‌నెస్ ప్రతి ఏడాదీ చేయించాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఏటా నిలబడే బండిగా దాన్ని ఉంచగలిగినన్నాళ్లు ఇదే తోలుతాను.

మీటరు మీద ఇవాళ 3,87,412. బండి ఖాతాలో లక్షా 46 వేలు ఉన్నాయి. వెనక టైర్లు నాలుగూ అరిగాయి, వచ్చే నెల అందులోంచి 50 వేలు పోతాయి.