ఆత్మకూరులో తెల్లవారుజాము

అమరచింత మగ్గముమీద నేసిన చీర యొకటి కొనవలెనని నాకు చిరకాలముగా కోరిక. మా చిన్నమ్మ కూతురు ఆ పక్కనే ఆత్మకూరులో కాపురముండియు నేనా యూరు చూచి యెరుగను. "ఎన్నిసార్లు వస్తనంటవక్కా, ఈసారన్న రా" అని ఆమె మరల మరల పిలువగా, మాఘమాసమున నాలుగు దినములు తీరిక చేసికొని బయలుదేరితిని. హైదరాబాదునుండి కర్నూలు పోవు రైలులో మహబూబునగరము, దేవరకద్ర దాటిన పిదప వనపర్తిరోడ్డు అను స్టేషను వచ్చును. పేరు వనపర్తిదే గాని స్టేషనున్నది మదనాపురమున. కొత్తవారు పేరు నమ్మి దిగి, ఊరెక్కడ యని వెదకుట కలదు, నేనును వెదకితిని.

ఆత్మకూరు నేడు వనపర్తి జిల్లాలోనిది. 2016 వరకు మహబూబునగరము జిల్లాలో నుండెను. నిజాము ప్రభువుల కాలమున అమరచింత సంస్థానమునకు ఇది రాజధాని. గద్వాల, వనపర్తి ప్రభువులవలెనే యిచటివారును కవిపండితుల నాదరించిరి. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానమునకును వచ్చినవారే. ఇపుడు ఊరివారికి పాతకోటకంటె జూరాల ఎడమకాలువ ముఖ్యము. ఒకప్పుడు జొన్న, ఆముదము పండిన మెట్టలలో నేడు వరిమడులు కలవు. నేను పోయినది యాసంగి నాట్ల కాలమగుటచే మడులన్నియు అద్దములు పరచినట్లు మెరయుచుండెను. ఇదంతయు చూడదగినదే. కాని నే నీ వ్యాసము వ్రాయుటకు కారణము కోటయు కాదు, కాలువయు కాదు. ఆ యింట నేను చూచిన తెల్లవారుజాములు.

మా చెల్లెలికి ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, పదవ తరగతి. చిన్నవాడు ఎనిమిదవ తరగతి. మొదటి రాత్రి పదునొకండు గంటలకు నేను మేలుకొని చూడగా పిల్ల యింకను దీపము క్రింద లెక్కలు చేయుచుండెను.

"నిదుర రాదా తల్లీ?" అంటిని.

"పండుకున్నా రాదు పెద్దమ్మా. పన్నెండు కొట్టినంకనే కన్నంటుతది" అనెను. నడుమ నడుమ చేతిఫోను వెలుగుటయు నేను గమనింపకపోలేదు.

నాలుగున్నరకే చెల్లెలు "లే బిడ్డా, యాళ్లయింది" అని పిల్లను లేపినది. వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు పెట్టి, నల్లా నీళ్లు పట్టి, పాలు కాచి, జడ వేసికొని, ఏడున్నరకు ఇల్లు విడువవలెను. బడిగంట తొమ్మిదింటికే, కాని పరీక్షలు దగ్గరపడుటచే ఎనిమిదింటినుండియే ప్రత్యేక తరగతులు. తమ్ముడు ఏడింటి వరకు ముసుగుదన్ని పండుకొనెను. వానిని లేపినవారు లేరు.

రెండవనాడు పిల్ల పొయ్యిమీద పాలు పెట్టి, గోడకానుకొని, నిలుచున్నది నిలుచున్నట్లే కునికినది. చున్నీ కొంగు మంటవైపు జారుచుండుట చూచి నేను పరుగున పోయి గుంజితిని. అంచు కమిలినది, అంతే. పాలు పొంగి మంట ఆరినది. చెల్లెలు "సోయి లేదా నీకు?" అని కేక వేసినది. పిల్ల ఏడువలేదు, భయపడలేదు, కన్నులు నులుముకొని "ఏమైంది?" అని మమ్మే అడిగినది. ఆ ప్రశ్న నా చెవులలో నేటికిని మెదలుచున్నది.

ఆ సాయంకాలము అరుగుమీద నలుగురాడువారు చేరినపుడు బడివేళల ప్రసంగము వచ్చినది. తెలంగాణమున ప్రభుత్వోన్నత పాఠశాలలు 2024 జూలై వరకు ఉదయము 9.30 మొదలు సాయంకాలము 4.45 వరకు జరుగుచుండెను. ఆ నెలలో ఆ వేళలను మార్చి, క్రింది తరగతుల బడులతో సమముగా 9 గంటలకే మొదలుపెట్టి 4.15కు విడుచునట్లు చేసిరి. జంటనగరములలో గంట 8.45కే. ఎదుగు పిల్లలకు ఉన్న అరగంటయు పోయెగదా యని నేనంటిని.

నాట్లకు పోయివచ్చి, కాళ్లు కడుగుకొని కూర్చున్న యొక ఇల్లాలు ఒప్పుకొనలేదు. "బడి ఇంక పొద్దెక్కినంక పెడ్తే మా పిల్లలను ఎవరు తోలాలమ్మా? మేము ఏడింటికే మడిల దిగాలె. ఇంటికి తాళమేసినంక పోరలు యాడ తిరుగుతరో! పొద్దుగూకకముందే ఆడపిల్ల ఇల్లు చేరుతున్నది, మాకది చాలు" అనెను. ఆమె మాటలో అసత్యమేమియు లేదు. దూరదేశములలోను చిక్కు ఇదియే. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమువారు ఉన్నత పాఠశాలలు 8.30కు ముందు తెరువరాదని 2023లో శాసనము చేసి, బస్సులు కుదురక, ఖర్చు భరింపలేక, 2025లో దానిని రద్దుచేసికొనిరి. కాలిఫోర్నియాలో మాత్రము అట్టి శాసనమే 2022 జూలై మొదలు నడచుచున్నది.

మా చెల్లెలి అత్తగారు అంతవరకు వినుచుండి, "మా కాలంల కోడి కూయంగనే లేస్తుంటిమి. ఎవరు చచ్చిన్రు?" అనిరి.

పెద్దలమాట త్రోసివేయుట నాకలవాటు లేదు. నిజమే, మన వీధిబడులు తెల్లవారకమునుపే తెరచుచుండెడివి. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ దొర తన జిల్లా బడులను గూర్చి వ్రాసిన నివేదికలో బడివేళ ఆరు గంటలని యున్నది. మొట్టమొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారట, రెండవవానికి సున్న, మూడవవాడు మొదలుకొని దెబ్బలు ఒక్కొక్కటి పెరుగుచుండెనట. అయితే ఆ బాలురు ఆముదపు దీపమారగనే పండుకొనెడివారు. మరియొక సంగతియు ఆ నివేదికలోనే కలదు: 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మందియే! మిగిలిన ఆడపిల్లల తెల్లవారుజాము పూర్తిగా వాకిలికే చెల్లెను. నేడు అదే తెల్లవారుజాము వాకిలికిని, బడికిని, రెంటికిని చెల్లవలసి వచ్చినది. "అత్తమ్మా, మీరు రాత్రి ఎన్నింటికి పండుకొనెడివారు?" అని నేనడుగగా ఆమె నవ్వి, "దీపాలు పెట్టినంక ఇంకేం పని?" అనిరి.

పదునైదేండ్ల పిల్ల "పండుకున్నా రాదు" అనుట సాకు కాదు, సోదరీమణులారా. యౌవనారంభమున దేహములోని గడియారమే వెనుకకు జరుగును. నిద్రను పిలుచు మెలటోనిన్ అను స్రావము బాల్యములోకంటె ఆలస్యముగా ఊరును. అందుచే పెందలకడ పండుకొమ్మన్నను కన్ను మూతపడదు. పెందలకడ లేపిన మాత్రము నిద్ర తరిగిపోవును. 13 మొదలు 18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని నిద్రాశాస్త్ర వైద్యులు చెప్పుచున్నారు. అమెరికాలో మేరీ కార్స్కాడన్ అను విదుషీమణియు, ఆమె సహచరులును 1998లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. బడివేళ 8.25నుండి 7.20కి మారిన పిల్లలను ఉదయమున పరీక్షింపగా, సుమారు సగముమంది పండుకొన్న కొన్ని నిమిషములకే స్వప్ననిద్రలో పడిరి. అట్లు పడుట నిద్రారోగుల లక్షణము. సియాటిల్ నగరమున 2016లో బడిగంటను 7.50నుండి 8.45కు జరుపగా పిల్లలకు దినమునకు 34 నిమిషముల నిద్ర పెరిగెనని తేలినది. ఆ సమయమును వారు ఆటలకు, ఫోనులకు తగులబెట్టలేదన్నమాట.

అచట 8.30 చాలుననుచుండగా మనకు 9 గంటలు గదా, కొరత యేమని మీరడుగవచ్చును. నేనును మొదట అట్లే తలచితిని. కాని ఆత్మకూరులో ఆడపిల్లకు బడి మొదలగునది గేటువద్ద గంట కొట్టినపుడు కాదు, చీపురు చేతబట్టినపుడు. పైగా మన దేశకాలమునకు ఆధారమైన మధ్యాహ్నరేఖ కాకినాడ దగ్గరగా పోవును. ఆత్మకూరు దానికి పడమట నుండుటచే ఇచట సూర్యుడు సుమారు 19 నిమిషములు వెనుక. మాఘములో పొద్దుపొడుపే ఆరుమ్ముప్పావు దాటి. నాలుగున్నర యనగా నడిరేయియే. మా పిల్ల నిద్ర లెక్కించితిమి: పన్నెండుకు కన్నంటి నాలుగున్నరకు లేచిన నాలుగున్నర గంటలు. ఇక మార్చి నడుమ ఒంటిపూట బడులు వచ్చి, ఎనిమిదింటికే గంట కొట్టునపుడు ఏమగునో!

ప్రభుత్వము అరగంట తిరిగి యిచ్చిన మంచిదే. ఉదయపు ప్రత్యేక తరగతి మానిన ఇంకను మంచిది. అవి మా చేతిలోని పనులు కావు. చేతిలోని పనిని గూర్చి ఆ రాత్రి చెల్లెలితో వాదించితిని. ముగ్గు రాత్రియే పెట్టుట, నల్లానీళ్లును పాలును పిల్లవానివంతు, పది కొట్టగనే ఫోను బీరువాలో, పిల్లను ఆరింటివరకు లేపరాదు, అని యేర్పాటు. "మగపోరడు బిందె మోస్తడా?" అని అత్తగారు నొచ్చుకొనిరి. వాడు మూతి ముడుచుకొనియే మోసెను. మొదటిదినము సగము నీళ్లు వాకిట్లోనే ఒలికినవి. సాన్పి పని తీరినదని చెల్లెలు నవ్వినది. ఫోను సంగతిలో మాత్రము పిల్ల రెండు దినములు నాతో మాటలాడలేదు. మూడవ రాత్రి పదునొకండుకు చూచితిని, దీపము ఆరియున్నది.

నాకు తెల్లవారుజాము రైలు. ఐదింటికి ఆటో వచ్చినది. పిల్లను లేపి చెప్పిపోదునా యని ఒక క్షణము తలుపువద్ద నిలిచితిని. దుప్పటి గడ్డము వరకు కప్పుకొని, నోరు కొంచెము తెరచి, చిన్నపిల్లవలె పండుకొని యున్నది. చెల్లెలు వ్రేలు పెదవులపై నుంచి, సంచి తానే ఎత్తుకొని వాకిలి దాటినది. మదనాపురము చేరినగాని అమరచింత చీర మాట జ్ఞాపకము రాలేదు.