పడవ కొనొచ్చు, రేవు కొనలేం

పోస్టు పెద్దది, ముందే చెప్తున్నా. సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి కూర్చుని రాశాను. ఏటి పక్కన, రిజర్వాయర్ పక్కన, జలపాతం పక్కన ఊళ్లున్న అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం చివరిదాకా చదవండి. చివర్లో మీకో పని ఉంది.

నాది శబరి ఒడ్డు. కోయ పిల్లని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. రాజమండ్రిలో హాస్టల్లో ఉండి బీకాం రెండో సంవత్సరం చదువుతున్నా. బీకాం అనగానే మా ఊళ్లో నాకొక పదవి ఇచ్చేశారు. పడవ సంఘం లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది.

పడవ సంఘం ఏంటంటారా? 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. సెలవులకి ఊరెళ్లే ముందు మా ఊరి పిల్లలం ఐదుగురం వెళ్లి చూశాం. గట్టు నిండా జనం, మైకులు, డప్పులు. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న అవుతాడు, చాలాసేపు ఏం మాట్లాడకుండా చూసి, "వీళ్లు నిలవ నీళ్లలో వేస్తున్నారు తెడ్డు. మనం పుట్టినకాడి నుంచి ఎదురు ఏట్లో వేస్తున్నాం" అన్నాడు. ఊరెళ్లాక ఆ మాట పట్టుకుని ఇరవై మంది పోగయ్యారు. అందులో ఎనిమిది మందిమి ఆడపిల్లలం. సంఘం అన్నాం గానీ అప్పటికి రిజిస్టరూ లేదు, రసీదు బుక్కూ లేదు.

మా ఏటికి ఒక లెక్క ఉంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద. అప్పుడు అవసరం ఉన్నోళ్లే దాటుతారు, ఆటలకి దిగరు. దసరా వెళ్లాక నీళ్లు తేటబడతాయి. అక్కడి నుంచి సంక్రాంతి దాకా మంచి నీరు, మంచి లోతు. శివరాత్రి దాటితే ఇసుక తిన్నెలు తేలతాయి, పడవ అడుగు రాసుకుంటుంది. అంటే మాకు సీజన్ నాలుగు నెలలే. అందుకే ఎండాకాలంలోనే డబ్బులు పోగు చెయ్యాలి అనుకున్నాం.

లెక్క చెప్తా, లెక్క చెప్పకపోతే నేను బీకాం చదివి ఏం లాభం. సంతలో చింతపండు అమ్మి, అందరం తలా కొంత తెచ్చిన సరుకు మీద 9,260 వచ్చింది. తునికాకు డబ్బులు పడ్డాక ఇంటికి వంద చొప్పున 46 ఇళ్లు ఇచ్చాయి, 4,600. భూమి పండక్కి మా ఆడోళ్లు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి చందా అడుగుతారు కదా, ఆ ఏడు ఒక రోజు వసూలు పడవకి రాశారు, 6,840. ఊరి నుంచి ఉద్యోగాలకి వెళ్లినోళ్లు 18,500 పంపారు. మొత్తం 39,200. ఖర్చు: లైఫ్ జాకెట్లు 24, ఒక్కోటి 850, అంటే 20,400. పాత నాటు పడవకి చెక్కలు మార్చి, తారు పూసి, మేకులు కొట్టడానికి 11,300. తెడ్లకి కలప, వడ్రంగి కూలి 4,800. బండి ఖర్చులు 1,900. మిగిలింది 800. ఈ లెక్క గ్రామసభలో చదివి వినిపించా.

చదివాక మా తాత వరస పెద్దాయన ఒకరు లేచి అడిగారు: "ఊరే మునుగుద్దంటే పడవ పందాలా అమ్మా?"

ఆ మాటకి నవ్వినోళ్లు లేరు. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ 41.15. మా ఊరు మొదటి లిస్టులో లేదు, రెండో దాంట్లో ఉంది. అంటే ఇల్లు కట్టుకోవాలా వద్దా, బోరు వేయించుకోవాలా వద్దా, ఏదీ తేలదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ నీళ్లు శబరిలోకి ఎగదన్ని మా ఊళ్లోకి వచ్చాయి. అప్పుడు ముసలోళ్లని, పసిపిల్లల తల్లుల్ని గుట్ట మీదకి చేర్చింది ఈ నాటు పడవలే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు కూడా ఒడ్డు ఊళ్లోళ్లు పడవలేసుకుని వెళ్లబట్టే కొందరు బతికారు. తెడ్డు పట్టడం మాకు ఆట కాకముందు నుంచీ ప్రాణం కాపాడే పని. అన్న లేచి ఇదే చెప్పాడు: "తాతా, ఇంజిను పడవలొచ్చాక మా వయసోళ్లకి తెడ్డు చేతకాకుండా పోతంది. ఈ పందెం పేరుతో అయినా నేర్చుకుంటారు." తాత ఇంకేం అనలేదు. మర్నాడు తెడ్డు చెక్క ఎట్లా చూసుకోవాలో చెప్పడానికి ఆయనే వడ్రంగి దగ్గరికొచ్చారు.

నాకు ఇందులో తోడు దొరికింది కేరళ. నేను అక్కడికి వెళ్లలేదు, వీడియోలు చూసి, దొరికినవి చదివి తెలుసుకున్నా. అలెప్పీ దగ్గర పున్నమడ కాయల్‌లో ఏటా నెహ్రూ ట్రోఫీ జరుగుద్ది. 1952లో నెహ్రూ వచ్చినప్పుడు ఆయన ముందు వేసిన పందెంతో మొదలైంది. పాము పడగలాగా వెనక భాగం లేచి ఉండే చుండన్ వళ్లం వంద అడుగులు దాటి ఉంటుంది, ఒక్కో దాంట్లో వంద మంది దాకా కూర్చుని తెడ్లేస్తారు. చాలా పడవలు ఏ ఒక్కడి సొత్తూ కాదు, ఊరోళ్లు వాటాలేసుకుని చేయించుకున్నవి. తెడ్డేసేది బోట్ క్లబ్బులు. పందేనికి ముందు వారాల తరబడి క్యాంపు పెట్టి, వంద మందికి తిండి పెట్టి, కూలి పోయినందుకు డబ్బిచ్చి తయారు చేస్తారు. ఖర్చు లక్షల్లో. ఊరి చందాలు, గల్ఫ్‌లో ఉన్నోళ్ల డబ్బులు, స్పాన్సర్లు, అన్నీ కలిస్తే గానీ తేలదు. 2019 నుంచి అక్కడి ప్రభుత్వం ఛాంపియన్స్ బోట్ లీగ్ అని క్రికెట్ ఐపీఎల్ లాగా నడుపుతోంది. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగి ఊళ్లు పోయాక ఆగస్టు పందెం సెప్టెంబరు 28కి వాయిదా పడింది. అప్పటికే క్యాంపులు పెట్టిన క్లబ్బులకి ఆ వాయిదా ఎంత బరువో లెక్కలు రాసే నాకు తెలుసు. ఆ రోజు కారిచాల్ పడవ 0.005 సెకన్ల తేడాతో గెలిచింది. కన్ను రెప్ప వేసేలోపు కూడా కాదు.

నాకు ఆ గెలుపు కంటే ఇంకొకటి గట్టిగా తగిలింది. అదే వేంబనాడ్ సరస్సులో ఒక దీవి మీద 54 విల్లాల రిసార్టు కట్టారు. అక్కడ వలలేసుకునే జాలర్లు కోర్టుకెళ్లారు. 2013లో హైకోర్టు కూల్చమంది, 2020 జనవరిలో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది, 2022లో కూల్చడం మొదలైంది. ఏళ్లు పట్టింది గానీ గెలిచారు. ఎందుకు గెలిచారంటే "ఇక్కడ మేం వలేస్తాం" అన్న మాట కాగితం మీద ఉంది, తీరం చట్టం వాళ్ల పక్కన ఉంది.

ఇప్పుడు మా సంగతి. అక్టోబరులో పడవ దింపాం. పొద్దున్నే అయిదున్నరకి రేవులో ఇరవై మందిమి. సెలవులకి వెళ్లినప్పుడల్లా నేనూ ఎక్కేదాన్ని. చేతులు బొబ్బలెక్కి హాస్టల్లో అన్నం కలుపుకోలేకపోతే నా రూమ్మేట్ నవ్వేది. నవంబరులో ఒక ప్రైవేటు మనిషి కొందరు అధికారులతో కలిసి రేవుకొచ్చి టేపు పెట్టి కొలిచాడు. బోటింగ్ పాయింట్ వస్తుందంట, పైన గట్టు మీద కాటేజీలంట, రేవుకి గేటంట. "మీ పడవలు కొంచెం పైకి కట్టుకోండి" అన్నారు. పైన బండలు. అక్కడ పడవ కాదు, మేక కూడా నీళ్లకి దిగదు.

డిసెంబరులో ఆ మనిషే మళ్లీ వచ్చాడు, ఈసారి మా సంఘం కోసం. జెర్సీలు ఇస్తానన్నాడు, పందేనికి 30,000 ఇస్తానన్నాడు, నలుగురు కుర్రాళ్లకి బోటు దగ్గర నెల జీతం పని అన్నాడు. మేం ఒక్క కాగితం మీద సంతకం పెడితే చాలు. రేవులో బోటింగ్ పాయింట్‌కి పడవ సంఘానికి అభ్యంతరం లేదు అని.

ముప్పై వేలంటే ఏంటో మీకు తెలుసు. మేం ఎండలో చింతపండు కొట్టి, రోడ్డు మీద తాడు పట్టుకుని, ఆరు నెలలు తిరిగి పోగు చేసింది 39,200. ఇంకో పడవ వచ్చేది. నలుగురికి పనంటే ఇంకా పెద్ద మాట. ఆ నలుగురిలో మా అన్న ఒకడు. వాడికి ఇంటర్‌తో చదువు ఆగిపోయింది, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి, మిరప కోతలకి పక్క జిల్లాలకి వెళ్లొస్తుంటాడు.

సంఘం కూర్చుంది. కుర్రాళ్లు సంతకం పెడదామన్నారు. "వాళ్లు ఎట్లాగూ కడతారు, వచ్చేదన్నా తీసుకుందాం" అన్నారు. ఆ మాటలో తప్పు లేదు, మన వాళ్లకి జరిగింది ఎప్పుడూ అదే. నన్ను లెక్క చెప్పమన్నారు. నేను రెండు కాలమ్‌లు గీశా. ఒక వైపు 30,000, నాలుగు జీతాలు. రెండో వైపు రేవు. దాని కింద అంకె రాయలేకపోయా. చేపల పడవలు కట్టేది అక్కడ. వరదలో ఎక్కేది అక్కడ. చచ్చినోళ్లకి స్నానం అక్కడ. పడవ పోతే ఇంకో ఏడు చందా ఎత్తి కొనుక్కుంటాం, రేవుకి ఏ సంత? ఈ మాటే చెప్పి కూర్చున్నా. ఇది సంఘం సంతకం కాదు, గ్రామసభ తేల్చాలి అని ఆడోళ్లందరూ అన్నారు. సంతకం పెట్టలేదు.

అన్న నాతో మాట్లాడ్డం మానేశాడు. కనుమ నాడు అయిదు ఊళ్ల మధ్య పందెం పెట్టుకున్నాం, మా పడవ మూడోది వచ్చింది. వాడు ముందు తెడ్డే వేశాడు గానీ నా వైపు చూడలేదు. చదువుకునేదానివి నువ్వు హాస్టల్‌కి పోతావు, ఊళ్లో ఉండేది మేం అని పెద్దమ్మతో అన్నాడంట. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకే జవాబు పని రూపంలో వెతుకుతున్నా. అది మీకు కూడా పనికొస్తుందని రాస్తున్నా.

ఒకటి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపలు, నీటి వనరుల నుంచి వచ్చే ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు ఉంది. మా రేవు అటవీ భూమి హద్దులోది. దరఖాస్తు ఫారం బి. ఊరి పెద్దలు చెప్పింది రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. గ్రామసభకి సగం మంది రావాలి, వచ్చినోళ్లలో మూడో వంతు ఆడోళ్లుండాలి. మేం ఫిబ్రవరిలో తీర్మానం చేసి ఫారం పెట్టాం. సాక్ష్యం చెప్పిన మొదటి పెద్ద, పడవ పందాలెందుకన్న తాతే.

రెండు. మునిగే ఊరికి ఇది ఎందుకంటారా? 2013 భూసేకరణ చట్టం ప్రకారం ముంపు ప్రాంతంలో చేపల హక్కున్న ఎస్టీ కుటుంబాలకి రిజర్వాయర్‌లో కూడా ఆ హక్కివ్వాలి. హక్కు ముందు కాగితం మీద ఉంటేనే కదా రేపు అడిగేది. పరిహారం లెక్కలో ఇల్లు రాస్తారు, చెట్లు రాస్తారు. రేవు సంగతి మనం రాయించుకోవాలి.

మూడు. అన్నకి పని కావాలి, అది నిజం. 1/70 ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి బదిలీ కాదు. సభ్యులందరూ గిరిజనులైన సహకార సంఘానికి మాత్రం కావచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమికి కూడా ఇదే వర్తిస్తుందని 1997లో గనుల కేసులో వచ్చిన సమత తీర్పు చెప్పింది. అంటే బోటింగ్ పెట్టాలంటే మనమే సహకార సంఘంగా పెట్టొచ్చు. లైఫ్ జాకెట్లు 24 మా దగ్గర ఉన్నాయి, తెడ్డేసేవాళ్లు ఇరవై మంది ఉన్నారు. గేటు లేకుండా, రేవు ఊరిదిగానే ఉంచి. రిజిస్ట్రేషన్ కాగితాలు తయారు చేస్తున్నా. మొదటి పేరు అన్నదే రాశా. సంతకం పెడతాడో లేదో ఇంకా తెలీదు.

నాలుగు. మీది నది కాదు, ఊరి చెరువో వాగో అయితే 1996 పెసా చట్టం ఇంకా సూటిగా పనికొస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలని అందులో ఉంది.

ఇప్పుడు మీ పని. మీ ఊళ్లో నీళ్లకి దిగే చోటు ఏది, దాని పేరేంటి, ఏ సర్వే నంబరులో ఉంది, ఎవరెవరు వాడతారు, ఈ నాలుగూ ఒక తెల్ల కాగితం మీద రాసి పెట్టుకోండి. సర్వే నంబరు తెలీకపోతే ఈ సెలవుల్లో వీఆర్వోని అడగండి. సహకార సంఘం రిజిస్టర్ చేయించిన అనుభవం ఉన్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే కింద రాయండి, బైలా ఎలా రాయాలో నాకు చెప్పండి. మా లెక్కల పుస్తకంలో ఇంకా 800 ఉంది. ఫోటోస్టాట్‌లకి, చార్జీలకి అది చాలు.