పాత ఫోర్‌వీల్ డ్రైవ్ కొనేముందు కిందికి వంగి చూడండి

మా బావమరిది పాత జిప్సీ ఒకటి బేరమాడుతున్నానని నిన్న ఫోన్ చేశాడు. నేనడిగిన మొదటి మాట: "బండి కిందికి దూరి చూశావా?"

పెయింటు ఎవరైనా కొత్తగా వేయించగలరు. అసలు సంగతి ఛాసిస్ దగ్గర తెలుస్తుంది. బీచ్ ఇసుకలో తిరిగిన బండిని ఉప్పు తినేస్తుంది. టార్చి వేసి తుప్పు, వెల్డింగు అతుకులు వెతకండి. డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం తీయించండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే.

తర్వాత మట్టినేల మీద ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేసి నడపండి. ముందు చక్రాలు లాగాలి, కటకట శబ్దం రాకూడదు. జిప్సీలాంటి బండిని ఫోర్‌వీల్‌లో పెట్టి ఎండిన తారురోడ్డు మీద మలుపులు తిప్పకండి, ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజులో, ఒకేలా అరిగి ఉండాలి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, హైపోథికేషన్ సరిచూడండి. పెండింగ్ చలాన్లూ మర్చిపోవద్దు.

రేపు ఈ బండిలో ఘాట్ రోడ్డెక్కేది మన పిల్లలే. నమ్మకమైన మెకానిక్‌ని ఒక పూట వెంట తీసుకెళ్లండి.