పంతుళ్లు పెంచిన ఆటల నగరం

ఫుట్‌బాల్ పోటీయే, కానీ నిబంధన విడ్డూరంగా ఉంటుంది. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకుని ముందుకు లాక్కెళ్లకూడదు. నలుగురిని తప్పించుకుంటూ వెళ్లి చప్పట్లు కొట్టించుకుందామంటే కుదరదు. వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి, అందించి ఖాళీ చోటుకి పరుగెత్తాలి, మళ్లీ అందుకోవాలి. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన ఇలాంటి పోటీలను హైదరాబాద్‌లో పనిగట్టుకుని నడిపించిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. కుడికాలి వాటం ఉన్నవాడి చేత ఎడమకాలితో గంటల తరబడి తన్నించడం ఆయన మరో పద్ధతి. బంతిని తనదగ్గరే ఉంచుకోవడం గొప్పగా చలామణీ అయిన కాలంలో, వదిలేయడమే గొప్పని నేర్పిన కోచ్ ఆయన.

రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1909లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, నగరంలోని బళ్లలో పాఠాలు చెప్పారు. ఆటగాళ్లకు ఆయన ‘రహీం సాబ్’. హైదరాబాద్ క్రీడాచరిత్ర చెప్పుకోవాలంటే ఏదో ఒక జట్టు దగ్గరో, స్టేడియం దగ్గరో కాకుండా ఈ పంతులు దగ్గరే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఇక్కడ ఆట ఎప్పుడూ నేర్పేవాళ్ల చుట్టూనే పెరిగింది. యజమానులు మారారు, జట్ల పేర్లు మారాయి, కొన్ని జట్లు ఊరే విడిచి వెళ్లిపోయాయి. పిల్లల్ని పోగేసి తెల్లవారుజామున మైదానానికి తోలుకొచ్చే మనుషులు మాత్రం తరానికొకరు పుట్టుకొస్తూనే ఉన్నారు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును రహీం 1950లో చేతిలోకి తీసుకున్నారు. ఆ ఏడాదే బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది ఆ జట్టు. 1954 దాకా వరసగా ఐదేళ్లు ఆ కప్పును వేరెవరి చేతికీ పోనివ్వలేదు. 1950లోనే ఢిల్లీ డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. కలకత్తా క్లబ్బులే దేశపు ఫుట్‌బాల్ అని అందరూ నమ్ముతున్న రోజుల్లో, పగలు డ్యూటీ చేసుకునే పోలీసు కుర్రాళ్లు దక్కను నుంచి వెళ్లి ఈ పని చేశారు. ఆటలో రాణిస్తే పోలీసుశాఖలోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో ఉద్యోగం దొరికేది. నెల తిరిగేసరికి జీతం వస్తుందన్న ధైర్యమే ఎన్నో పేద ఇళ్ల తల్లిదండ్రుల్ని పిల్లల్ని మైదానానికి పంపేలా చేసింది. ఈ ఆఫీసు జట్ల వ్యవస్థకు రావాల్సినంత పేరు ఇప్పటికీ రాలేదు.

దేశం జట్టు కూడా రహీం సాబ్ చేతికే వచ్చింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో, చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడిన మ్యాచ్‌లో, యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం. అక్కడి నుంచి నాలుగేళ్లలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లోంచి వెళ్లినవాళ్లే. బలరాంది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ, చాలా పేద కుటుంబం.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఒంట్లో క్యాన్సర్ ముదురుతోంది. ఫైనల్ దక్షిణ కొరియాతో. స్టేడియంలో లక్షమంది, దాదాపు అందరూ భారత్‌కు వ్యతిరేకంగా కేకలు పెట్టేవాళ్లే. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, కట్టుకట్టిన తలతో జర్నైల్ ఇంకో గోల్, 2-1తో స్వర్ణం. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. 2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా ఆయన ఎవరో ఈ నగరంలోనే చాలామందికి తెలియకపోవడం మనసు కష్టపెట్టే విషయం.

రహీం తర్వాతి తరాన్ని కలకత్తా పట్టుకుపోయింది. మహమ్మద్ హబీబ్ పదిహేడేళ్లకు పైగా అక్కడి మూడు పెద్ద క్లబ్బుల్లోనూ ఆడి ‘బడే మియా’ అనిపించుకున్నాడు. 1977లో పీలే ఉన్న కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2తో సరితూగిన మ్యాచ్‌లో ఒక గోల్ హబీబ్‌దే. సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. ఆటగాళ్లు ఇక్కడ తయారయ్యారు, చప్పట్లు అక్కడ మోగాయి.

బషీర్‌బాగ్ దాటి నాంపల్లి వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే లాల్ బహదూర్ స్టేడియం. పాతవాళ్ల నోట అది ఇంకా ఫతే మైదానే. గోల్కొండ ముట్టడి రోజుల్లో మొగలు సైన్యం దిగిన చోటని చెబుతారు. 1955 నవంబర్‌లో నగరపు మొదటి టెస్టు ఇక్కడే జరిగింది. న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు; టెస్టుల్లో భారతీయుడి మొట్టమొదటి డబుల్ సెంచరీ అదే. 1999లో అదే న్యూజిలాండ్‌పై వన్డేలో సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్‌తో 331 పరుగుల భాగస్వామ్యం కూడా ఈ నేల మీదే. క్రికెట్ ఉప్పల్‌కు మకాం మార్చేశాక ఈ మైదానం ప్రమాణ స్వీకారాలకూ, బహిరంగ సభలకూ ఎక్కువగా పనికొస్తోంది. సభ ముగిశాక కర్రలు పాతిన గుంతలు పూడ్చి, గడ్డి మళ్లీ మొలిచేదాకా ఆగాల్సింది ఆటగాళ్లే. నగరం నడిబొడ్డున, బస్సు దిగి నడిచి వెళ్లగలిగే మైదానం ఇది. దీన్ని ఆటకే ఉంచాలి.

హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది రెండేసార్లు. మొదటిది 1937-38లో. నవానగర్‌పై 310 పరుగుల లక్ష్యం, చివరి వికెట్ మిగిలి ఉండగా గెలుపు. ఎడుల్జీ ఐబరా 137తో చివరిదాకా నిలబడ్డాడు. ఆ ఐబరాయే తర్వాత రోజుల్లో కోచ్‌గా ఎందరికో బ్యాటు పట్టడం నేర్పారు. రెండోది 1986-87లో, ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో. మధ్యలో ఎం.ఎల్. జయసింహ నాయకత్వంలో పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ లాంటివాళ్లున్న జట్టుకు ట్రోఫీ దక్కలేదు కానీ, ఒక నడక అబ్బింది. కాలరెత్తి బ్యాటింగ్‌కొచ్చే జయసింహ 1968లో గాయపడ్డవారి స్థానంలో ఆస్ట్రేలియాకు విమానమెక్కి, దిగిన కొద్దిరోజులకే బ్రిస్బేన్ టెస్టులో 74, 101 చేశాడు. గావస్కర్ తన కొడుకు పేరులో ఆయన పేరు కలుపుకున్నాడు. అజహరుద్దీన్, లక్ష్మణ్ మణికట్టు తిప్పితే బంతి లెగ్‌సైడు బౌండరీకి జారిపోయే ఆ ఒడుపుకు మ్యాటింగ్ పిచ్‌లే కారణమని కొందరంటారు. కానీ చాపల మీద దేశమంతా ఆడింది, ఆ మణికట్లు మాత్రం ఇక్కడే తయారయ్యాయి. పెద్దవాళ్ల ఆట చూస్తూ పెరగడమే అసలు బడి అయి ఉండాలి.

పాఠం చెప్పడంలో రహీంకు సరిజోడు క్రికెట్ కోచ్ సంపత్ కుమార్. సికింద్రాబాద్‌లో సెయింట్ జాన్స్ శిబిరానికి అన్నతో పాటు వచ్చిన పదేళ్ల భరతనాట్యం పిల్లలో పస ఉందని అక్కడి కోచ్ జ్యోతి ప్రసాద్ గుర్తించి సంపత్ దగ్గరకు పంపారు. ఆయన ఆ పిల్లను బడి వరండాలో నిలబెట్టి బంతులు వేసేవారు. అటూ ఇటూ గోడలు. కొట్టిన బంతి గోడకు తగలకూడదు, తిన్నగా వెళ్లాలి. ఈ అమ్మాయి దేశానికి ఆడుతుందని ఆయన ముందే చెప్పారు, కానీ అది చూడకుండానే 1997లో రోడ్డు ప్రమాదంలో పోయారు. రెండేళ్లకు, 1999లో, ఐర్లాండ్‌పై తన తొలి వన్డేలోనే మిథాలీ రాజ్ 114 నాటౌట్. రిటైరయ్యేనాటికి వన్డేల్లో 7,805 పరుగులు, మహిళల క్రికెట్లో అందరికంటే ఎక్కువ. స్ట్రెయిట్ డ్రైవ్ ఆడుతున్నప్పుడు ఆమె బ్యాటు అంత నిటారుగా ఎందుకు దిగేదో ఆ వరండా తెలిస్తే అర్థమవుతుంది.

ఈ గురువుల వరసకు లొంగని పేరూ ఒకటుంది: మహమ్మద్ సిరాజ్. ఫస్ట్ లాన్సర్ ప్రాంతపు కుర్రాడు, తండ్రి ఆటో నడిపేవారు. అకాడమీ లేదు, నెట్స్ లేవు, గల్లీలోని టెన్నిస్ బంతి క్రికెట్టే చదువు. తేలికపాటి బంతిని వేగంగా వేయాలంటే భుజం బలం కావాలి, అదే అతనికి పెట్టుబడి అయింది. 2016-17 రంజీ సీజన్లో 41 వికెట్లు తీశాడు. ఆ ఏడాది హైదరాబాద్ కోచ్ భరత్ అరుణ్ అతన్ని సానబెట్టడంతో, ఆలస్యంగానైనా ఒక పంతులు దొరికినట్టయింది. 2020లో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయిన కబురొచ్చింది. అక్కడే ఉండిపోయి బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు. 2025లో ఓవల్లో ఇంగ్లండ్‌పై 6 పరుగుల తేడాతో గెలిచిన టెస్టు చివరి ఉదయం బంతి అతని చేతిలోనే ఉంది.

బ్యాడ్మింటన్‌ది వేరే కథ. ఎస్.ఎం. ఆరిఫ్ లాల్ బహదూర్ స్టేడియం కోర్టుల్లో గోపీచంద్‌కూ, గుత్తా జ్వాలకూ, సైనా నెహ్వాల్‌కూ ఆట నేర్పారు. రాజేంద్రనగర్ నూనెగింజల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేసే సైనా తండ్రి తెల్లవారకముందే కూతుర్ని స్కూటరు మీద ఎక్కించుకుని ఆ కోర్టులకు వచ్చేవారు. వెనక సీట్లో పిల్ల నిద్రలోకి జారుకుంటుందని తల్లి కూడా తోడొచ్చేది. ఆరిఫ్ శిష్యుడైన గోపీచంద్, అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్ల మూలాలున్నవాడు, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. గెలిచినవాళ్లు చాలామంది ఉంటారు. గెలిచాక ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టినవాళ్లు అరుదు. ప్రభుత్వం గచ్చిబౌలిలో స్థలమిచ్చింది, 2008లో ఆ అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి.

సికింద్రాబాద్ రైల్వే కోర్టుల్లో మహబూబ్ అలీ దగ్గర ఓనమాలు దిద్దిన పి.వి. సింధు గోపీచంద్ అకాడమీకి రోజూ రానూపోనూ 50 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసేది. తండ్రి రమణ వాలీబాల్ ఆటగాడు, 1986 సియోల్ ఆసియా క్రీడల కాంస్య జట్టు సభ్యుడు. ఆ ప్రయాణం విలువ తెలిసినవాడు. ఆట ఉన్నా కోర్టులో సింధు మెతక. ఒకరోజు గోపీచంద్ ఆమెను కోర్టు మధ్యలో నిలబెట్టారు. చుట్టూ యాభైమంది దాకా ఆటగాళ్లు, కోచ్‌లు. గొంతెత్తి అరవాలి, అరిచేదాకా రాకెట్ పట్టుకోవద్దు. సింధు ఏడ్చింది, చివరికి అరిచింది. రియో ఒలింపిక్స్‌కు ముందు ఆమె ఫోను మూడు నెలలు కోచ్ దగ్గరే ఉంది, ఐస్‌క్రీం బంద్. 2016లో రజతం, 2019లో బాసెల్‌లో ప్రపంచ టైటిల్, టోక్యోలో కాంస్యం. 2012 లండన్‌లో సైనా కాంస్యంతో కలిపితే వరసగా మూడు ఒలింపిక్స్‌లో భారత బ్యాడ్మింటన్ పతకాలన్నీ ఈ నగరానివే.

మరి నగరం పేరుతో ఆడే జట్లు? వాటి పెద్ద కప్పుల్లో చాలావరకు పొరుగూళ్లలో గెలిచినవే. దక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది. ఎన్నికల కారణంగా ఆ ఏడాది టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాలో జరిగింది. మూడేళ్లకే ఆ జట్టు రద్దయింది. సన్‌రైజర్స్ 2016 కప్పు బెంగళూరులో ఎత్తింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే సాగింది. తర్వాత డబ్బు ఇబ్బందులు చుట్టుముట్టి, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో బెంగాల్, కేరళ సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఆడుతుంటే, ఒకప్పుడు అదే ట్రోఫీని 1956, 1957ల్లో వరసగా గెలిచిన ఊరు ప్రేక్షకుల్లో కూర్చుంది. ఉప్పల్‌లో నారింజ జెండాలు ఊపే వేలమందిని తప్పుపట్టాల్సిన పని లేదు, ఆ సందడి నిజమైనదే. అయితే వేలంలో కొన్న ఆటగాళ్ల మీద పెట్టే డబ్బులో పిసరంత బస్తీ మైదానాలకూ, స్కూలు లీగులకూ చేరితే రహీం నగరం మళ్లీ ఫుట్‌బాల్ ఆడుతుంది.

నేర్పేవాళ్లకు ఇప్పటికీ కొదవ లేదు. వరంగల్ దగ్గరి కల్లెడలో కూలీల ఇంట పుట్టిన దీప్తి జీవాంజిని స్కూలు పోటీల్లో చూసి హైదరాబాద్‌కు రప్పించిన వ్యక్తి అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేష్. ఊళ్లో వెక్కిరింపులు తిన్న ఆ అమ్మాయి 2024లో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి, పారా అథ్లెటిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు రాసింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. గొంగడి త్రిష శిక్షణ కోసం కుటుంబం భద్రాచలం వదిలి సికింద్రాబాద్‌కు మకాం మార్చింది. 2025 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్‌పై త్రిష కొట్టిన 110 నాటౌట్ ఆ టోర్నీ చరిత్రలోనే తొలి సెంచరీ. ఫైనల్లో మూడు వికెట్లు తీసి, 44 నాటౌట్‌గా నిలిచి, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి బహుమతి కూడా తనే అందుకుంది.